అక్కనడగండి: ఆడపిల్లలకు ఏ బైబిల్ స్టడీ పెట్టాలి?

ఎండాకాలం సెలవుల్లో చర్చిలు పిల్లలకు నడిపే వీబీఎస్‌లు ముగిసి బడులు తెరిచారో లేదో, ఈ పేజీకి ఒకే రకం ఉత్తరాలు మొదలయ్యాయి. ఆడపిల్లలకు ఏ బైబిల్ స్టడీ పెట్టాలి, ఏ పుస్తకం కొనాలి, ఎవరి దగ్గరికి పంపాలి అని. ఎక్కువగా ఓరుగల్లు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. అందుకని ఈ నెల మిగతావన్నీ ఆపి వీటికే జవాబులు రాస్తున్నాను. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు, కొందరికి అది ఎందుకు అవసరమో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, మాది కాజీపేట. మా బిడ్డ తొమ్మిదో తరగతి. చర్చిలో ఆడపిల్లలకు శనివారం సాయంత్రం బైబిల్ స్టడీ పెడుతున్నారు, మంచిదే కదా అని పంపిస్తున్నా. వాళ్లు వాడే పుస్తకం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చింది. అందులో మూడు పాఠాలు బట్టల గురించి, రెండు పాఠాలు కాబోయే భర్త కోసం ప్రార్థన చేయడం గురించి. మా బిడ్డ "అమ్మా, నాకు పద్నాలుగేళ్లే కదా, ఇప్పుడే మొగుడి కోసం ప్రార్థనేంది" అంటుంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆడపిల్ల దేవునిలో గట్టిగా నిలబడేటట్టు పెరగాలంటే ఎట్లాంటి స్టడీ ఎంచుకోవాలి?

జవాబు: నవ్వండి చెల్లీ, తిట్టడమెందుకు. పద్నాలుగేళ్ల పిల్లకు కాబోయే భర్త కన్నా ముందు తేలాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. యేసు ఎవరు, ఆయనకు నేను ఎవరిని, తప్పుడు పని చేయమని నలుగురూ ఒత్తిడి పెడితే చేయనని చెప్పే ధైర్యం నాకు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇవీ ముందు. లూకా 10లో మార్త వంటపనిలో మునిగిపోతే మరియ యేసు పాదాల దగ్గర కూర్చుంది కదా, దాన్ని మనం భక్తి, వినయం అని చెప్పేసి పాఠం ముగిస్తాం. కానీ అపొస్తలుల కార్యములు 22లో పౌలు తాను గమలీయేలు పాదాల దగ్గర పెరిగానని చెప్పుకుంటాడు, అంటే ఆయన దగ్గర ధర్మశాస్త్రం చదువుకున్నానని. మరియ కూర్చున్నదీ అక్కడే, చదువుకునేవాళ్లు కూర్చునే చోట. అది ఆమె దగ్గర నుంచి ఎవరూ తీసేయరని స్వయంగా యేసే అన్నాడు. ఆడపిల్లల స్టడీ ఏది నా చేతికొచ్చినా, పిల్లకు ఆ చోటు ఇస్తున్నదా లేదా అనేదే నేను మొదట చూస్తాను.

బట్టల గురించి అసలు మాట్లాడొద్దని అనను. ఒక పాఠం ఉంటే ఉండనీ. మూడు పాఠాలంటే మాత్రం రాసినవాళ్లకు ఆడపిల్ల అనగానే ముందు ఒళ్లే గుర్తొస్తున్నట్టు.

ఈసారి పుస్తకం కొనేముందు అట్ట చూసి మురిసిపోకుండా లోపల ఏదో ఒక పాఠం తెరవండి. ఒక అధ్యాయమో సగం అధ్యాయమో చదవమని మొదట్లోనే ఇచ్చారా, లేక రెండు పేజీలు వాళ్ల మాటలతో నింపి చివర ఒక వచనం అతికించారా? ప్రశ్నలు ఎట్లా ఉన్నాయి? "రూతు అత్త పేరు ఏమిటి" అని ఖాళీలు నింపించడమే అయితే అది టెక్స్ట్‌బుక్ తెరవకుండా గైడు చూసి పాసయ్యే చదువు. "నయోమి దేవుని మీద అంత చేదుగా ఎందుకు మాట్లాడింది, అట్లా మాట్లాడినందుకు ఆమెను ఎవరైనా కోప్పడ్డారా" అని అడిగితే పిల్ల మళ్లీ వెనక్కి వెళ్లి చదవాల్సిందే, చదివి ఆలోచించాల్సిందే.

ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. పుస్తకంలో బత్షెబ పాఠం ఉందేమో వెతకండి. ఉంటే, ఆమె మేడ మీద స్నానం చేసి రాజును పడగొట్టిందని రాశారా? 2 సమూయేలు 11 తీసి చూడండి, మేడ మీద తిరుగుతున్నది దావీదు, ఆమె మేడ మీద ఉన్నట్టు అక్కడ ఒక్క మాట లేదు. మనుషుల్ని పంపి పిలిపించింది రాజు, ఆమె భర్తను యుద్ధంలో చంపించింది రాజు. తర్వాతి అధ్యాయంలో నాతాను వచ్చి ఒక ధనవంతుడు పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్న కథ చెప్తాడు, గొర్రెపిల్లదే తప్పని ఆ ప్రవక్త అనలేదు, "ఆ మనుష్యుడవు నీవే" అని దావీదు ముఖం మీదే చెప్పాడు. వాక్యం ఇంత తేటగా ఉన్నా నేరం ఆడమనిషి మీదికే తోసే పుస్తకం చదివిన పిల్ల, రేపు బస్సులో ఎవడో చెయ్యి వేస్తే ఇంటికొచ్చి మీకు చెప్తుందా? నేనే సరిగ్గా లేనేమో అని ముడుచుకుపోతుంది. యోహాను 4లో సమరయ స్త్రీ సంగతీ ఇంతే. ఐదుగురు భర్తలు అనగానే మన ప్రసంగాలు అక్కడే ఆగిపోతాయి, వాళ్లు చనిపోయారో ఈమెను వదిలేశారో వాక్యం చెప్పనే చెప్పదు. ఆమె ఆరాధన గురించి అడిగింది, యేసు పిల్లకు చెప్పినట్టు కాకుండా పెద్ద సంగతే చెప్పాడు, ఆమె మాట పట్టుకుని ఊరు ఊరంతా కదిలి వచ్చింది. ఈ రెండో సగం లేని పాఠమైతే పుస్తకం షాపులోనే పెట్టి రండి.

ఇంగ్లీషు నుంచి వచ్చినవన్నీ పనికిరానివని కాదు, మంచివీ ఉన్నాయి. కాకపోతే వాటిలో ఉదాహరణలన్నీ డేటింగు గురించి, అక్కడి స్కూలు డ్యాన్సు పార్టీల గురించి. కాజీపేట పిల్లకు ఉండే టెన్షన్ వేరు. రంగు తక్కువని చుట్టాలు అనే మాటలు, పెద్దమనిషైనప్పుడు చేసే ఫంక్షన్‌కు అయ్యే అప్పు, తమ్ముడికి కొన్న ఫోను తనకు కొనకపోవడం, ఇంటర్‌కు ఏ కాలేజీలో వేస్తారో తనను అడగకుండానే నిర్ణయించడం. పాఠం చెప్పే అక్క వాక్యాన్ని వీటి దగ్గరికి తేగలిగితే ఏ పుస్తకమైనా నడుస్తుంది, తేలేకపోతే ఏ పుస్తకమూ నడవదు.

నన్నడిగితే ఈ వయసుకు బైబిల్లోనే ఒక పుస్తకం పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివించడం మేలు. రూతు నాలుగే అధ్యాయాలు, నాలుగు శనివారాల్లో అయిపోతుంది. రూతు అంటే మంచి కోడలు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం, కానీ ఆమె పరాయి దేశం నుంచి వచ్చిన వితంతువు, పొట్ట గడవడానికి పొలంలో పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. మన దగ్గర వరికోతలు మిషన్ల పాలయ్యాక ఈ పిల్లలు పరిగె ఏరడం చూసి ఉండరు, ఇంటికెళ్లి అమ్మమ్మను అడిగి రమ్మనండి, వచ్చే వారం పాఠం సగం అక్కడే అయిపోతుంది. 2వ అధ్యాయంలో బోయజు తన పొలంలో పనిచేసే మగపిల్లలకు ఆమెను ముట్టొద్దని ముందే ఆజ్ఞాపిస్తాడు. ఇంకో పొలానికి పోతే ఏమవుతుందోనని అత్త నయోమి భయపడుతుంది. పనిచేసే చోట ఆడపిల్ల క్షేమంగా ఉండాలంటే జాగ్రత్త పడాల్సింది ఎవరు, ఆ పిల్లా, పని చేయించే యజమానా? ఈ ఒక్క ప్రశ్న అడిగి మీరు గమ్మున కూర్చోండి, వాళ్లే మాట్లాడతారు.

రూతు తర్వాత మార్కు సువార్త. 16 అధ్యాయాలు, తొందర లేకుండా వారానికి సగం చొప్పున చదివించొచ్చు. 5వ అధ్యాయానికి వచ్చినప్పుడు మాత్రం పరుగెత్తొద్దు. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ, పన్నెండేళ్ల యాయీరు కూతురు, ఇద్దరి కథా ఒకదానిలో ఒకటి కలిపి చెప్తాడు మార్కు. ఎందరో వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఊడ్చిపెట్టినా జబ్బు ఇంకా ముదిరిందని 26వ వచనంలో ఉంది, ఇది మన పిల్లలకు వివరించాల్సిన పనే లేదు, ప్రతి ఇంట్లో ఆస్పత్రి అప్పు ఒకటి ఉంటుంది. ధర్మశాస్త్రం ప్రకారం ఆ స్థితిలో ఉన్న స్త్రీ ఎవరిని తాకినా వాళ్లకు మైల. ఆమె యేసు వస్త్రం ముట్టుకుంది. ఆయన దూరం జరగలేదు, గద్దించలేదు, అందరి ముందు "కుమారీ" అని పిలిచాడు. ఇక్కడే మీ బిడ్డ మనసులో ఉండి ఎవరినీ అడగలేని ప్రశ్న బయటికి వస్తుంది: నెలసరి రోజుల్లో బైబిలు ముట్టుకోవచ్చా, చర్చికి రావచ్చా, ప్రభువు రాత్రి భోజనపు బల్లలో పాలుపొందొచ్చా? దీనికి గుసగుసగా కాదు, మామూలు గొంతుతో జవాబు చెప్పే అక్క కావాలి. ముట్టుకోవచ్చు, రావచ్చు, పాలుపొందొచ్చు.

మీ చర్చి అమ్మగారి మీద ఫిర్యాదు లాగా వెళ్లొద్దు. దొరికిన పుస్తకమే వాడుతున్నారు పాపం. "అమ్మగారూ, వచ్చే నెల నాలుగు వారాలు రూతు చదివిద్దామా, నేనూ వచ్చి కూర్చుంటా" అనండి. చాయ్ బిస్కట్లు మీరే పట్టుకెళ్లండి.

ప్రశ్న: వందనాలు అక్కా. జనగామ దగ్గర పల్లెలో మా చిన్న సంఘంలో సండే స్కూల్ చెప్తాను. నేను డిగ్రీ మధ్యలో ఆపేసినదాన్ని. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలు వస్తారు. ఇంగ్లీషు మీడియం వాళ్లకు తెలుగు బైబిలు చదవడం రాదు, తెలుగు చదివేవాళ్లకు పాత అనువాదం అర్థం కాదు. పుస్తకాలు కొనే డబ్బు సంఘంలో లేదు. ఎట్లా చేయాలి?

జవాబు: వందనాలమ్మా. డిగ్రీ ఆపేశానని ఎందుకు రాశావు, నిన్ను సర్టిఫికెట్ అడిగిందెవరు? మన డోర్నకల్ సంగతి తెలుసు కదా, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య గారి పీఠం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అక్షరం ముక్క రానివాళ్లు వేలమంది వాక్యం నేర్చుకున్నది కథలతో, పాటలతో, కంఠతతోనే. ఇప్పటి పిల్లలకు అంతకన్నా ఎక్కువే ఉంది, ఫోనులో తెలుగు బైబిలు చదివి వినిపించే ఆప్‌లు ఉచితంగా దొరుకుతాయి, వాడుక భాషలో ఉన్న అనువాదాలూ ఉన్నాయి. పాతది పక్కన పెట్టమని కాదు, కంఠతకు దాని నడకే బాగుంటుంది. అర్థం కోసం కొత్తది తెరవండి.

పాఠం ఇట్లా చెయ్యి. ఒకరు చదవాలి, లేదా ఫోనులో వినాలి. తర్వాత బైబిలు మూసేయాలి. ఇంకొక పిల్ల ఆ కథ ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పాలి. తప్పు చెప్తే మిగతావాళ్లు ఆపాలి, మళ్లీ తెరిచి ఎవరిది నిజమో చూడాలి. నువ్వు మధ్యలో దూరకు, అదే కష్టం, టీచరుకు నోరు ఊరుకోదు.

మొదటి పాఠానికి సంఖ్యాకాండము 27 తీసుకో, సెలోపెహాదు కూతుళ్ల కథ. సండే స్కూల్లో దాదాపు ఎవరూ చెప్పరు. మీ పిల్లల్లో ఒకరు ఇట్లా చెప్తుంది చూడు: "గాళ్లు అయిదుగురు అక్కచెల్లెండ్లు. బాపు సచ్చిపోయిండు, అన్నదమ్ములు లేరు. భూమి పంచుతుంటే మాకెందుకు ఇయ్యరని మోషేను అందరి ముందల అడిగిన్రు." అంతే, కథ వచ్చేసింది. మోషే వాళ్లను కసరలేదు, తనకు తెలియదని దేవుణ్ణి అడిగాడు. వాళ్లు చెప్పింది న్యాయమేనని దేవుడన్నాడు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ఐదుగురి పేర్లూ బైబిల్లో రాసి ఉన్నాయి, పిల్లలతో గట్టిగా చదివించు. యెహోషువ 17లో వాళ్లే మళ్లీ వెళ్లి, ఆ మాట ఏమైందని అడిగి వాటా తీసుకుంటారు. సంఖ్యాకాండము 36వ అధ్యాయంలో పెళ్లి విషయంలో పెట్టిన షరతు కూడా దాచకుండా చదివించు, పెద్దపిల్లలు దాని మీద వాదిస్తారు, వాదించనీ. పనిలో పనిగా ఇంకొకటి చెప్పొచ్చు: క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే పిల్లల వాటాలో కొడుకుకెంతో కూతురికీ అంతే. ఇది విని సంఘంలో ఒకరిద్దరు పెద్దమనుషులు మొహం ముడుచుకోవచ్చు, పర్వాలేదు.

ఆరో తరగతినీ ఇంటర్‌నీ అన్నివేళలా కలిపి కూర్చోబెట్టకు. కథ కలిపి వినొచ్చు, మాటలు మాత్రం విడివిడిగా. పెద్దపిల్లలతో ఎప్పుడో ఒకసారి 2 సమూయేలు 13 చదవాలి, తామారు కథ. అన్న వరసైనవాడే పాడు చేశాడు, ఆమె వద్దని చెప్పింది, ఏడ్చింది, సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు, తండ్రి దావీదు కోపపడ్డాడే తప్ప ఏమీ చేయలేదు. ఇట్లాంటివి బైబిల్లో ఎందుకున్నాయని అడుగుతారు. దాచిపెట్టకూడదు కాబట్టి ఉన్నాయి.

ఆ పాఠం పెట్టేముందు నువ్వు ఒక సంగతికి సిద్ధపడి ఉండాలి. కథ అయ్యాక ఒక పిల్ల వెనక ఉండిపోయి, నాకూ అట్లా జరుగుతుందక్కా అని చెప్పొచ్చు. అప్పుడు నమ్ము. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. 1098కి ఫోన్ చేస్తే పిల్లల సహాయకులు వస్తారు. "సంఘం పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అని ఎంత పెద్దవాళ్లు చెప్పినా వినకు, అది అబ్షాలోము చెప్పిన మాటే.

ప్రశ్న: ప్రైజ్ ద లార్డ్ అక్కా. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నా. ఒక ఆన్‌లైన్ బైబిల్ స్టడీ గ్రూపులో చేరాను. నడిపే అన్న చాలా ఆత్మీయంగా చెప్తాడు. ఈమధ్య రాత్రి పదకొండు దాటాక నాకు ఒక్కదానికే మెసేజ్ పెడుతున్నాడు, ఫోటో అడుగుతున్నాడు, మన గురించి దేవుడు నాకు బయలుపరిచాడు, ఇంట్లో చెప్పొద్దు అంటున్నాడు. గ్రూపు వదిలేస్తే దేవునికి దూరమవుతానేమోనని భయంగా ఉంది.

జవాబు: బిడ్డా, అది బైబిల్ స్టడీ కాదు. ఇవాళే బయటికి రా. వచ్చేముందు మెసేజ్‌లన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఏదీ డిలీట్ చేయకు. ఇప్పటికే ఫోటో పంపి ఉన్నా నీ తప్పేం లేదు, అతను బెదిరించినా ఇంకొకటి పంపకు. అమ్మకో, హాస్టల్లో నీకు నమ్మకమైన మేడమ్‌కో ఈ రోజే చూపించు. మన రాష్ట్రంలో ఆడవాళ్ల రక్షణకు షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నది ఇందుకే, మహిళా హెల్ప్‌లైన్ 181కి కూడా ఫోన్ చేయొచ్చు. నీకు పద్దెనిమిది నిండకపోతే పైన చెప్పిన పోక్సో చట్టం నీకూ వర్తిస్తుంది.

ఇక దేవునికి దూరం కావడం గురించి. బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పింది కూడా ఊరికే ఒప్పుకోలేదు, నిజమా కాదా అని రోజూ లేఖనాలు వెతికారు, అందుకు అపొస్తలుల కార్యములు 17 వాళ్లను మెచ్చుకుంది. పౌలునే పరీక్షించొచ్చు అన్నప్పుడు ఈ అన్న ఎంత? ప్రశ్న అడగనివ్వని చోటు, ఇంట్లో చెప్పొద్దనే చోటు, ఒక్కరి మాటే దేవుని మాటగా నడిచే చోటు, వీటిలో ఏది కనిపించినా లేచి రావడమే. మీ హాస్టల్లోనే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి పొద్దున స్టడీ అవర్‌కు ముందు పావుగంట మార్కు చదువుకోండి, నడిపేవాళ్లెవరూ అక్కర్లేదు.

ప్రశ్న: అమ్మా, నేను హుజూరాబాద్ దగ్గర ఒక సంఘంలో పెద్దను. మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది, సంబంధాలు చూస్తున్నాం. ఈమధ్య యూత్ మీటింగుల్లో దెబోరా, ఎస్తేరు అని ఆడపిల్లలకు నాయకత్వం పాఠాలు చెప్తున్నారు. రేపు అత్తగారింట్లో లోబడి ఉండాల్సినవాళ్లు, ఇవన్నీ నేర్పితే ఎదురు తిరగరా? ఆడపిల్లలకు సామెతలు 31 చాలు కదా.

జవాబు: అన్నగారూ, చాలు, కానీ మొత్తం చదివించండి. ఆ అధ్యాయం మొదలయ్యేదే ఒక తల్లి తన కొడుకు లెమూయేలు రాజుకు చెప్పిన మాటలతో. తాగుబోతు కావద్దు, నోరు లేనివాళ్ల పక్షాన నోరు తెరువు అని కొడుక్కి బుద్ధి చెప్పాకే గుణవతి గురించి పద్యం వస్తుంది. అందుకని మీ సంఘంలో మగపిల్లలకు ముందు ఆ తొమ్మిది వచనాలు చెప్పించండి. ఇక ఆ గుణవతి ఏం చేస్తుందో చూడండి, పొలం చూసి తనే కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది, బట్టలు నేసి అమ్ముతుంది, నోరు తెరిస్తే జ్ఞానం చెప్తుంది. మన పెళ్లి ప్రసంగాల్లో పొద్దున్నే లేచి వండుతుందనే వచనం దగ్గరే ఆగిపోతాం, పొలం రిజిస్ట్రేషన్ దాకా ఎవరూ పోరు.

లోబడడం గురించి మీరు అడిగింది చిన్న విషయం కాదు. ఎఫెసీయులకు 5వ అధ్యాయం 22వ వచనం మీకు నోటికి వచ్చే ఉంటుంది, దాని పైన 21లో ఒకరికొకరు లోబడి ఉండమని ఉంది, కింద 25లో భర్తలు క్రీస్తు ప్రేమించినట్టు ప్రేమించాలని ఉంది. మూడూ కలిపే నేర్పాలి. బైబిల్లో ఇద్దరు భార్యల్ని పక్కపక్కన పెట్టి చూడండి. సప్పీరా భర్త అబద్ధానికి తల ఊపింది, అపొస్తలుల కార్యములు 5లో ఆమె తర్వాత విడిగా వచ్చినప్పుడు పేతురు ఆమెను అడిగాడు, మా ఆయన చెప్పాడు కాబట్టి అనే సాకు ఆమెను కాపాడలేదు. అబీగయీలు మొరటువాడైన నాబాలుకు చెప్పకుండానే రొట్టెలూ మాంసమూ గాడిదల మీద వేయించుకుని దావీదుకు ఎదురు వెళ్లింది, ఆ తెలివి వల్లే ఇల్లంతా బతికింది, దావీదు ఆమె బుద్ధికి దేవుణ్ణి స్తుతించాడు. 1 సమూయేలు 25. మీ అమ్మాయి అత్తగారింటికి వెళ్లాక ఏదో ఒక రోజు ఈ ఇద్దరిలో ఒకరిలా ఉండాల్సి వస్తుంది. ఎవరిలా ఉండాలని మీరు కోరుకుంటారు? దెబోరా కూడా లప్పీదోతు భార్యే, న్యాయాధిపతులు 4లో ఆ మాట ముందే రాసి ఉంది.

ఆడపిల్లకు ఇంత లోతు ఎందుకనే మాట కొత్తది కాదు. పండిత రమాబాయి ఆ రోజుల్లో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలంతా మరాఠీలోకి అనువదించింది, కేడ్‌గావ్‌లోని ముక్తి ఆశ్రమంలో ప్రెస్సు పని చేసిందీ ఆడవాళ్లే. 1922లో చనిపోయే దాకా ఆ పని మీదే ఉంది. మన పల్లెల్లో కూడా మిషన్ కాలంలో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ ఉమెన్ లేకపోతే ఎన్ని సంఘాలు ఉండేవి చెప్పండి.

సంబంధాల సంగతి అడగకపోయినా చెప్తున్నా, ఏమనుకోవద్దు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే చట్టం ఒప్పుకోదు, నిండినా అమ్మాయికి డిగ్రీ చదవాలని ఉందేమో ఒకసారి అడగండి. కట్నం లోపల మాట్లాడుకుని చర్చిలో పెళ్లి ప్రకటన చదివించుకునే ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. ఆ సంబంధం నాకొద్దు నాన్నా అని అమ్మాయి అంటే, అది ఎదురు తిరగడం అనుకోకండి.

ప్రశ్న: అక్కా, వరంగల్‌లో డిగ్రీ ఫస్టియర్. కాలేజీలో బతుకమ్మ పెట్టినప్పుడు ఫ్రెండ్స్ అందరూ ఆడతారు. మా పాస్టరు గారు వద్దంటారు, వేరే చర్చి అమ్మాయిలు ఆడుతున్నారు. దీనికి ఏ బైబిల్ స్టడీ చదవాలి?

జవాబు: తల్లీ, ఆడొచ్చా వద్దా అని నన్ను అవును కాదు అడిగితే చెప్పను, సంఘాలే దీని మీద ఒక మాట మీద లేవు. నీకు కావాల్సింది గీత ఎక్కడ గీయాలో నీ అంతట నువ్వు తేల్చుకోవడం. దానికి దానియేలు 1, 1 కొరింథీయులకు 8 నుంచి 10 దాకా, రోమీయులకు 14, ఇవి చదువు, నీ లాగే తికమకలో ఉన్న ఇంకో అమ్మాయితో కలిసి అయితే ఇంకా మంచిది. దానియేలు బబులోను చదువు చదివాడు, వాళ్లు పెట్టిన పేరుతో పిలిస్తే పలికాడు, రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగినప్పుడు కూడా పై అధికారిని మర్యాదగా అడిగాడు, పది రోజులు చూడండి అని గడువు పెట్టాడు, బబులోను వాళ్ల దేవుళ్లను తిట్టలేదు. కొరింథీయులకు రాస్తూ పౌలు విగ్రహానికి అర్పించిన మాంసం గురించి ఒకచోట స్వేచ్ఛ ఉందంటాడు, ఇంకోచోట బలిపీఠం దగ్గర పాలుపంచుకోవద్దంటాడు. ఈ రెండింటిలో కాలేజీ గ్రౌండులో జరిగేది దేనికి దగ్గర, గౌరమ్మను పెట్టి పూజ చేసే చోట నిలబడటం దేనికి దగ్గర అనేది నువ్వు చదివి ఆలోచించు. తర్వాత పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, నేను ఇవి చదివాను, నాకు ఇట్లా అర్థమైంది, మీరేమంటారు అని అడుగు.

ఆడకూడదనే నీకు అనిపిస్తే ఫ్రెండ్స్‌కు కడుపునొప్పి అని అబద్ధం చెప్పకు. మా విశ్వాసం ఇది, నేను ఆడను, కానీ వస్తా అని చెప్పు. తంగేడు పువ్వు తెంపుకొచ్చే పని వాళ్లు అడుగుతారు, దానికి వెళ్లాలా వద్దా అనేది కూడా ముందే ఆలోచించి పెట్టుకో, అప్పటికప్పుడు అడిగితే నోరు రాదు.